ఇద్దరి పలకల మీదా 35

42లోంచి 17 తీసెయ్యమన్నాను. నాలుగో తరగతిలో పదకొండు మంది. పలకలు పైకెత్తమంటే కొందరివి సరిగ్గానే ఉన్నాయి. ఒకడు ఏకంగా కూడేసి 59 వేశాడు. ఇద్దరి పలకల మీద 35 ఉంది.

ఆ ఇద్దరినీ ఒక మూల కూర్చోబెట్టి, పుల్లల కట్టలు తీసి, తీసివేత మళ్లీ మొదటి నుంచీ చెప్పాను. పదిహేనేళ్ల సర్వీసులో నేను చేస్తూ వచ్చింది అదే. వచ్చినవాళ్లు ఇటు, రానివాళ్లు అటు. మూడు రోజులకి పెద్ద జడ పిల్లకి పట్టుబడింది. టమాటా మండీలో హమాలీ చేసే ఆయన కొడుక్కి మాత్రం పట్టుబడలేదు. పైగా పుల్లలు తీస్తే చాలు, వాడికి ఆవలింతలు. (పేర్లు రాయడం లేదు. ఇంకో పదేళ్లకి వాళ్లే ఇది చదివి నన్ను నిలదీయొచ్చు.)

నాలుగో రోజు విసుగొచ్చి, "అసలు నువ్వు ఎట్లా చేస్తున్నావో నోటితో చెప్పరా" అన్నాను.

"రెండులో ఏడు పోదు గదా టీచర్. పక్కింట్లో అప్పు తెచ్చినా. పన్నెండయింది. పన్నెండులో ఏడు పోతే అయిదు. నాలుగులో ఒకటి పోతే మూడు."

వీడికి తీసివేత రాకపోవడమేమిటి! అప్పు ఎప్పుడు కావాలో తెలుసు, ఎక్కడ తేవాలో తెలుసు. తెచ్చిన అప్పుని పక్కింటి లెక్కలో తగ్గించడం ఒక్కటే మర్చిపోతున్నాడు. ఆ పిల్లని కూడా పిలిచి, మొదటి రోజు ఎట్లా చేశావని అడిగాను. "ఏడులో రెండు పోతే అయిదు. చిన్నదాంట్లో పెద్దది పోదని మీరే చెప్పినారు గదా టీచర్, అందుకే తిప్పి తీసినా" అంది. మీరే చెప్పినారు గదా. నిజమే, చెప్పాను. ఆ మాట చెప్పి, దాని తర్వాత చెప్పాల్సిన అప్పు సంగతి ఆ పిల్ల బుర్రలోకి వెళ్లిందో లేదో చూసుకోకుండా ముందుకెళ్లిపోయాను.

42 బదులు 43 ఇచ్చి ఉంటే మొదటి రోజే బయటపడేది. తిప్పి తీసే పిల్లకి 34 వచ్చేది, అప్పు ఎగ్గొట్టే పిల్లాడికి 36 వచ్చేది. 42లో ఆ రెండు దార్లూ 35 దగ్గరే కలుస్తాయి. ఆ పిల్లకి కావాల్సినవి పుల్లలు, కట్ట విప్పి చూడటం, రెండు మూడు రోజుల ఓపిక. వాడికి కావాల్సింది పక్క అంకె మీద ఒక గీత, పక్కన తగ్గిన అంకె. మొత్తం అయిదు నిమిషాల పని. అయిదు నిమిషాల పని ఉన్న పిల్లాడిని మూడు రోజులు పుల్లల ముందు కూర్చోబెట్టి, వాడిది బద్ధకం అనుకున్నాను.

విద్యార్థుల స్థాయికి తగ్గట్టు బోధించాలి అన్న మాట ఈ మధ్య మా కాంప్లెక్స్ మీటింగుల్లో (చుట్టుపక్కల బడుల టీచర్లం కలిసే సమావేశాలు) ఎంత తరచుగా వినబడుతుందంటే, దానికి అర్థం అరిగిపోయింది. స్థాయి అంటే అందరి మనసులో ఉన్నది నిచ్చెన. పై మెట్టు మీద వాళ్లు, మధ్య మెట్టు మీద వాళ్లు, కింద వాళ్లు. ఆ మూడు మెట్లకీ లెసన్ ప్లాన్‌లో మూడు గడులు. నా సంగతే చూడండి. మా బడిలో 52 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లం. ఒకటీ రెండూ మా సహోద్యోగికి, మూడూ నాలుగూ అయిదూ నాకు. మూడు తరగతులకి మూడేసి స్థాయిల లెక్కన తొమ్మిది పాఠాలు. పీరియడ్ 40 నిమిషాలు. పాఠానికి నాలుగున్నర నిమిషాలు కూడా రాదు, ఆ లోపల బాత్రూమ్‌కి పోతా అనేవాళ్లు, పెన్సిల్ విరిగిందనేవాళ్లు, మధ్యాహ్న భోజనం అటెండెన్సు యాప్‌లో ఎక్కించడం వేరే. ఇద్దరు టీచర్లతో అయిదు తరగతులు అన్నది ఎవరో మాకు చేసిన అన్యాయం కూడా కాదు. 60 మంది లోపు పిల్లలుంటే ప్రాథమిక బడికి ఇద్దరు టీచర్లు అని విద్యాహక్కు చట్టం షెడ్యూల్లోనే ఉంది. పైన కూర్చున్నవాళ్లు దీనికి 'బహుళ తరగతి బోధన' అని పేరు పెట్టారు. పేరు బాగానే ఉంది.

నేను మాత్రం ప్రయత్నించలేదా? శిక్షణ నుంచి వచ్చిన ఉత్సాహంలో ఒక జూన్‌లో పిల్లలని మూడు గుంపులు చేశాను. తక్కువ ఎక్కువ అనిపించకూడదని పూల పేర్లు పెట్టాను: మల్లె, గులాబీ, చామంతి. రంగు అట్టలు కత్తిరించి బ్యాడ్జీలు కూడా చేశాను. ఏ పువ్వు దేనికో కనిపెట్టడానికి రెండు రోజులు పట్టింది వాళ్లకి, అంతే. మూడో రోజు బోర్డు దగ్గరికి పిలిస్తే ఒక పిల్ల లేచి, "నేను చామంతి టీచర్, నాకు రాదు" అంది. అంతకుముందు ఆ పిల్ల నాకు రాదు అనేది. అప్పుడప్పుడూ వచ్చేది కూడా. ఇప్పుడు రాకపోవడానికి కారణం దొరికింది, ఆ కారణాన్ని పిన్నీసుతో గుచ్చింది నేనే. ఆ రోజు సాయంత్రం బ్యాడ్జీలన్నీ పీకి బీరువాలో పడేశాను. ఇప్పటికీ అక్కడే ఉన్నాయి.

అది చూసి గుంపులే తప్పు, అందర్నీ కలిపే కూర్చోబెట్టాలి అనుకున్నాను కొన్నాళ్లు. అది మంచి మాటలా వినిపిస్తుంది కూడా. కానీ కలిపి కూర్చోబెట్టి నేను చేస్తున్నది ఏమిటి? ముందు వరసలో నలుగురితో మాట్లాడుతూ పాఠం పూర్తి చేయడం. అయిదో తరగతిలో ఒకబ్బాయి తెలుగు పాఠం గడగడా చదివేవాడు. ఒకరోజు వాడి పక్కన కూర్చున్నాను కాబట్టి చూశాను. నోరు పేజీ చివరికి వెళ్లిపోయింది, వేలు మూడో వరుసలోనే ఉంది. మధ్యలో 'పుట్టినరోజు' అన్న మాట మీద నా వేలు పెట్టి ఇదేమిటంటే, పైనుంచి మళ్లీ మొదలెట్టి వల్లించుకుంటూ అక్కడిదాకా వస్తే తప్ప చెప్పలేకపోయాడు. గుణింతాలు కొన్ని వచ్చు, ఒత్తులు అసలు రావు. 'చెట్టు' విడిగా రాసిస్తే 'చెటు' అన్నాడు. నాలుగేళ్లు అందరితో కలిసి కూర్చున్నాడు వాడు. అందరితో కలిసి నోరు కదిపాడు. 2005 నుంచి, పిల్లలకి చదవడం, లెక్కలు ఎంతవరకు వచ్చో కొలిచే ఏసర్ సర్వే వాళ్లు ఇళ్లకి వెళ్లి, ఒక్కో పిల్లని ఎదురుగా కూర్చోబెట్టుకుని రెండో తరగతి స్థాయి కథ చదివిస్తున్నారు. దేశంలో అయిదో తరగతి గ్రామీణ పిల్లల్లో అది చదవగలిగేవాళ్లు సగం అటూ ఇటూగానే ఉంటున్నారు. బడిలో అది బయటపడకపోవడానికి కారణం వేలుని ఎవరూ చూడకపోవడమే.

కాబట్టి విడదీయాలా, కలపాలా అని మా స్టాఫ్‌రూముల్లో జరిగే వాదన నాకు ఇప్పుడు చాలా బోరు. అసలు విడదీయడం మన తెలుగువాళ్లకి ఒకరు నేర్పాలా? ఆ విద్యలో మనల్ని మించినవాళ్లు లేరు. ఇంటర్ కార్పొరేట్ కాలేజీల్లో వారం వారం పరీక్ష పెట్టి, మార్కుల వారీగా సెక్షన్లు కట్టి, పిల్లలని పైకీ కిందకీ జరపడం ముప్పై ఏళ్లుగా చూస్తున్నాం. స్థాయికి తగ్గ బోధనే కదా అదీ? కాదు. ఎందుకు కాదో చెప్పడానికి ఒక్క సంగతి చాలు. అక్కడ విడదీశాక పేరున్న లెక్చరర్ పై సెక్షన్‌కి వెళ్తాడు. నిన్న మొన్న పీజీ ముగించి చేరిన కుర్రాడు కింది సెక్షన్‌కి వెళ్తాడు. పై సెక్షన్‌లో ఇప్పటికే వచ్చినవాళ్లకి ఇంకా చెప్తారు, ఫలితాల రోజు టీవీలో ఒకటి, ఒకటి, ఒకటి, రెండు, రెండు అని అరవడానికి. కింది సెక్షన్ ఫీజులతో పై సెక్షన్ ర్యాంకులు. నేను విడదీయమనేది దీనికి తలకిందులుగా. విడదీశాక ఆ గదిలో ఉన్న ఒక్కగానొక్క టీచరు ఎవరి పక్కన కూర్చుంటుంది, ఎన్నాళ్ల తర్వాత ఆ గుంపు చెదిరిపోతుంది? ఈ రెండూ చెప్పకుండా గ్రూపింగ్ మంచిదా చెడ్డదా అని ఎవరడిగినా నేను జవాబు చెప్పడం మానేశాను.

గుంపు ఎట్లా చెదురుతుందంటే, పిల్లలని కాకుండా పుస్తకాలని గుంపు చేస్తే. 35ల గొడవ తర్వాత నాకు పట్టిన అలవాటు ఇది. సాయంత్రం రఫ్ నోట్సులు తెచ్చుకుని మార్కులు వేయకుండా తప్పుని బట్టి దొంతులు పెడతాను. తిప్పి తీసినవి ఒక దొంతి. అప్పు ఎగ్గొట్టినవి ఒకటి. మధ్యలో సున్నా వస్తే చేతులెత్తేసినవి ఒకటి (402లో 137 అడగండి, మీ ఇంట్లో ఆరో తరగతి పిల్లల్ని కూడా). ఎక్కాల దగ్గర జారినవి ఒకటి. మూడో తరగతి నోటుబుక్కూ అయిదో తరగతి నోటుబుక్కూ ఒకే దొంతిలో పడతాయి. మర్నాడు ఆ దొంతి పిల్లలే ఆ పూటకి గుంపు. బ్యాడ్జీ లేదు, పేరు లేదు. శుక్రవారానికి ఆ తప్పు పోతే ఆ గుంపూ పోతుంది. సున్నా దొంతిలో ఒకసారి మా ఫస్టు ర్యాంకు పిల్ల నోటుబుక్కు కూడా పడింది. ఆ పిల్ల మొహం మాడింది, మిగతావాళ్ల మొహాలు వెలిగాయి. ఆ వెలుగుని నేను అడ్డుకోలేదు, నిజం చెప్పాలంటే.

దొంతులు పెట్టడానికి 31 పుస్తకాలకి నాకు ముప్పావు గంట పడుతుంది. మార్కులు వేయడానికి కూడా అంతే పట్టేది.

అన్ని తేడాలూ దొంతుల్లో దొరకవనుకోండి. 2019 అక్టోబరులో కంటి వెలుగు కింద బడి పిల్లలకి కళ్ల పరీక్షలు చేసినప్పుడు, బోర్డు మీది లెక్కని ఎప్పుడూ తప్పుగా ఎక్కించుకునే ఒకబ్బాయికి దగ్గరి చూపు తప్ప లేదని తేలింది. అద్దాలొచ్చాక వాడి తప్పులు సగం పోయాయి. వాడి కోసం నేను మూడు రకాల పాఠాలు ఆలోచించి పెట్టుకున్నాను అప్పటికి.

ఇదంతా చదివి, చేయొచ్చు కదా మరి, టీచర్లెందుకు చేయరు అని మీకనిపిస్తే, అదే విద్యాహక్కు చట్టం 24వ సెక్షన్ తీసి చూడండి. టీచరు విధులు అక్కడున్నాయి. సి కింద: నిర్ణీత కాలంలో పాఠ్యప్రణాళిక మొత్తం పూర్తి చేయాలి. వెంటనే డి కింద: ఒక్కో బిడ్డ నేర్చుకునే శక్తిని అంచనా వేసి, అవసరమైన అదనపు బోధన ఇవ్వాలి. రెండూ చట్టమే, రెండూ నా విధులే. కానీ తనిఖీకి వచ్చినవాళ్లు ఇన్నేళ్లలో నన్ను అడిగింది సి గురించే. సిలబస్ ఎంతవరకు వచ్చింది? జూలై యూనిట్లు అయిపోయాయా? వేలు మూడో వరుసలో ఆగిపోయిన పిల్లాడి గురించి ఒక్కరూ అడగలేదు. అడిగేందుకు వాళ్ల ఫారంలో గడి లేదు. సి కి గడువుంది, తేదీ ఉంది, మెమో ఉంది. డి కి 'అవసరమైతే' అన్న మాట ఉంది. ఏది గెలుస్తుందో చెప్పాలా?

ఇది నా సాకు అనుకునేవాళ్లకి బీహార్ సంగతి చెప్పాలి. ప్రథమ్ అన్న స్వచ్ఛంద సంస్థ పిల్లలని తరగతిని బట్టి కాకుండా, చదవగలిగే స్థాయిని బట్టి గుంపులు చేసి చెప్పే పద్ధతిని చాలా కాలంగా నడుపుతోంది. అది పనిచేస్తుందో లేదో ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో వాళ్ల బృందం ఒక్కో రాష్ట్రంలో ఏళ్ల తరబడి కొలిచింది (2019లో వాళ్లిద్దరికీ, మైకేల్ క్రెమర్‌కీ నోబెల్ వచ్చింది ఇలాంటి కొలతల పనికే). 2008 వేసవిలో బీహార్ ప్రభుత్వ టీచర్లే సెలవుల్లో శిబిరాలు పెట్టి ఈ పద్ధతిలో చెప్పారు. పిల్లలకి చదవడం మెరుగుపడింది. బడులు తెరిచాక అక్కడి ప్రభుత్వ టీచర్లకే శిక్షణా ఇచ్చి, సామగ్రీ ఇచ్చి, ఇక మీ క్లాసులో వాడుకోండి అన్నారు. ఏమీ మారలేదు. పద్ధతి అదే, చెప్పేది ప్రభుత్వ టీచర్లే. మారినవాటిలో నాకు పెద్దగా కనబడేది ఒకటి: వేసవిలో వాళ్ల నెత్తిన సిలబస్ లేదు. తర్వాత హర్యానాలో రోజుకో గంట దీనికే అని టైంటేబుల్లో కోసి పక్కన పెట్టి, ఆ గంటలో పాఠ్యపుస్తకం ముట్టుకోనక్కర్లేదని పైనుంచి చెప్పించి, మండల స్థాయి వాళ్లు వచ్చి చూసేలా పెడితే, మామూలు బడి రోజుల్లో మామూలు టీచర్లతోనే హిందీ చదవడం మెరుగైంది. లెక్కల్లో పెద్ద తేడా రాలేదు, అది కూడా చెప్పాలి.

నాకు ఇందులో కనబడేది ఇది. టీచరుకి ఎలా చెప్పాలో నేర్పడం మీద మన వాళ్లు పెట్టే ఖర్చులో పదో వంతు, ఆ గంట సేపు సిలబస్ జోలికి పోవద్దని చెప్పడం మీద పెడితే చాలు. పోనీ ఖర్చు కూడా అక్కర్లేదు, ఒక సర్క్యులర్ చాలు. తెలంగాణలో తొలిమెట్టు, కేంద్రం నిపుణ్ భారత్, మా దగ్గర వచ్చిన రకరకాల కార్యక్రమాలు అన్నీ ఆ గంటని ఒప్పుకున్నాయి, కాగితం మీద. కానీ పాత గడువు తీసెయ్యలేదు. గంట వచ్చి చేరింది, సిలబస్ ఎక్కడికీ పోలేదు. అన్నం తిన్నాక మళ్లీ అన్నం పెట్టి, ఇది వేరే పళ్లెం కదా అన్నట్టు ఉంది.

మా పక్కనే ఉన్న రిషివ్యాలీ బడి సంగతి చెప్పకుండా ఇది పూర్తి కాదు. మదనపల్లె చుట్టుపక్కల టీచరు ఎవరైనా దాని మాట ఎత్తక మానరు, అందులో కొంచెం సొంతూరి గొప్ప కూడా ఉంటుంది, క్షమించండి. ఆ పెద్ద బడి గురించి కాదు, దాని చుట్టూ పల్లెల్లో ఎనభైల చివర్లో మొదలైన చిన్న ఒంటి గది బడుల గురించి. ఒక టీచరు, అన్ని వయసుల పిల్లలు. తరగతి అన్న మాటే తీసేశారు. గోడ మీద నేర్చుకునే నిచ్చెన, దాని మెట్ల మీద బొమ్మ గుర్తులు. పిల్ల తన మెట్టు చూసుకుంటుంది, ఆ గుర్తున్న కార్డు తెచ్చుకుంటుంది. కొత్తది పరిచయం చేసే కార్డు, సాధన చేసే కార్డు, వచ్చిందో లేదో చూసే కార్డు, రాకపోతే మళ్లీ చేసేది, వస్తే ఇంకాస్త ముందుకెళ్లేది. జ్వరమొచ్చి పది రోజులు మానేసిన పిల్ల తిరిగొచ్చి ఆగిన మెట్టు దగ్గరే మొదలెడుతుంది. చేలల్లో పనున్నప్పుడు బడి మానేసే పిల్లలున్న ఊళ్లకి దాని విలువ ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. 1995లో మైసూరు జిల్లా హెగ్గడదేవనకోటె నుంచి కొందరు టీచర్లు వచ్చి చూసి వెళ్లి కన్నడంలో 'నలి కలి' చేసుకున్నారు, అది కర్ణాటక అంతా పాకింది. 2003లో చెన్నై కార్పొరేషన్ బడులు పట్టుకున్నాయి, తర్వాత తమిళనాడు అంతా. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని సామెత ఊరికే రాలేదు.

అయితే నాకు ఆ కార్డుల మీద ఒక పేచీ ఉంది. కార్డుల్లో పిల్లలు ఎవరి దారిన వాళ్లు వెళ్తారు. అందరూ ఒకే లెక్క మీద తలలు వంచి, ఒకరి పలక ఒకరు చూసి, కాదురా అవునురా అని కొట్టుకునే పూట కూడా రోజులో ఒకటి ఉండాలి. వెనకున్న పిల్లలకే అది ఎక్కువ కావాలి. అందుకని నేను ఒకే ప్రశ్న ఇస్తాను అప్పుడప్పుడూ, మూడు తరగతులకీ కలిపి. రెండంకెల సంఖ్యలోంచి రెండంకెల సంఖ్య తీస్తే 25 రావాలి. ఎన్ని రకాలుగా వస్తుంది?

తిప్పి తీసే పిల్ల 35లో 10 రాసి ఊపిరి పీల్చుకుంది. తర్వాత 36లో 11, 37లో 12. అప్పు అక్కర్లేని చోట హాయిగా నడుస్తూ పోయి, 40లో 15 దగ్గర ఆగి తల గోక్కుంది. అయిదో తరగతిలో ఇద్దరు మొత్తం ఎన్నో లెక్క కట్టే పనిలో పడ్డారు (65, వాటిలో 30కి అప్పు కావాలి, నేను ముందు రోజు రాత్రి వేసి పెట్టుకున్నాను, లేకపోతే వాళ్ల ముందు పరువు పోతుంది). మా హమాలీ ఆయన కొడుకు కాసేపు రాసి, "టీచర్, పైదానికీ కిందదానికీ ఒకటొకటి కలుపుతా పోతే మళ్లీ అదే వస్తాంది" అన్నాడు. అవునన్నాను. మళ్లీ కాసేపటికి వచ్చాడు. పలక మీద 42, 17 ఉన్నాయి. పక్కన రెండింటికీ మూడు కలిపి 45, 20. "ఇరవై పోతే ఇరవై అయిదు. అప్పే వద్దు టీచర్." అప్పు ఎగ్గొట్టేవాడు అప్పే లేని దారి కనుక్కున్నాడు. 402లో 137 ఇచ్చాను చూద్దామని. ముందు మూడు కలిపి 405లో 140 చేశాడు, కాసేపు చూసి ఇంకో అరవై కలిపి 465లో 200 చేశాడు. 265.

మూడు రోజులు వాడిని పుల్లల ముందు కూర్చోబెట్టిన సంగతి నేను ఇంతవరకు మా ఇంట్లో కూడా చెప్పలేదు.

తెలివైన పిల్లలు నష్టపోరా అని తల్లిదండ్రులు అడుగుతారు. మా ఊళ్లో కూడా అడిగారు. వాళ్లకి పై తరగతి లెక్కలు ముందుగా చెప్పేయడం మంచిదనుకుంటారు. నేనలా చేయను. 65 ఎందుకైందో, 64 ఎందుకు కాదో వాళ్లని చెప్పమంటాను. అది చాలామందికి ఆరో తరగతి లెక్క కంటే కష్టం. ఆ పూట నేను వాళ్ల పక్కన ఉండను కూడా. వాళ్లలో వాళ్లే కొట్టుకుంటారు. నేను ఉండాల్సింది 40లో 15 దగ్గర తల గోక్కునే పిల్ల పక్కన.

వాళ్లు అయిదో తరగతి దాటారు. హమాలీ ఆయన కొడుకు పెద్ద బడికి వెళ్లాడు, ఏ బడో వద్దు. చేరిన వారానికి అక్కడ ఒక పరీక్ష పెట్టి సెక్షన్లు కట్టారు. ఇంగ్లీషులో ప్రశ్నలు, గంట టైము. వాళ్లమ్మ ఫోన్ చేసింది.

"సీ సెక్షన్లో ఏసినారంట టీచర్. అంటే మంచిదేనా?"

మంచిదా చెడ్డదా ఇక్కడి నుంచి నాకెలా తెలుస్తుంది? "ఆ సెక్షన్‌కి లెక్కలు ఎవరు చెప్తున్నారో పిల్లోడిని కనుక్కోమ్మా" అన్నాను.

రెండు రోజులకి మళ్లీ చేసింది.

"లెక్కలకి ఇంకా ఎవరూ రాలేదంట టీచర్. ఆటల సారొచ్చి కూర్చుంటాండాడంట."